తుంగచాప

కార్తీకం వెళ్లేనాటికి చెరువు అంచున తుంగ నడుమెత్తు పెరిగి ఉంటుంది. రైతుకది కలుపు, చాపలల్లేవాళ్లకు సరుకు. మోకాటిలోతు నీళ్లలో దిగి, మూడు పలకల కాడను మొదట్లో కొడవలితో కోస్తారు. పచ్చిగా ఉండగానే నిలువునా చీల్చాలి. లోపలి బెండులో తేమ నిలిచిందా, బూజే. ఎండలో ఆ చీలిక తనంతట తానే ముడుచుకుని సన్నబడుతుంది. అల్లే ముందు మళ్లీ తడపాలి, పొడికాడ విరుగుతుంది మరి. నేలమగ్గం మీద ఒకరు పొడవాటి పుల్లతో కాడను దారాల మధ్య దూరుస్తారు, ఇంకొకరు అచ్చుతో దగ్గరికి కొడతారు. ఒక కాడ మొదలు ఇటుంటే తర్వాతిదాని మొదలు అటు! ఎంత చిన్న కిటుకో, చాప ఒక పక్క లావెక్కదు. చెమట పీల్చి వీపుకు చల్లగా తగిలే ఈ పడక ముందు, నన్నడిగితే, ప్లాస్టిక్ చాప ఎందుకూ కొరగాదు. సంతలో కనిపిస్తే బేరమాడకుండా కొనండి.