నీలం అంటని చోటు

లినక్స్ కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి ‘యూమాస్క్’ అని కొడితే చాలాసార్లు వచ్చే జవాబు 0022. రోజంతా టెర్మినల్ ముందే కూర్చునేవాళ్లలోనూ ఆ అంకెను ఒక్కసారైనా పలకరించని వాళ్లు బోలెడుమంది. నేనూ చాలాకాలం ఆ బాపతే.

బెల్ ల్యాబ్స్‌లో 1969లో యూనిక్స్ మొదలైనప్పుడు దాన్ని వాడినవాళ్లు కొద్దిమంది, అందరూ ముఖపరిచయం ఉన్నవాళ్లే. ఏ ఫైలును ఎవరు చూడొచ్చన్నది ఆ ఫైలును సృష్టించే ప్రోగ్రామే నిర్ణయించేది. దాన్ని నడిపే మనిషి మాటకు అక్కడ చోటు లేదు. వాడేవాళ్లు పెరిగాక అది కుదరలేదు. 1979 నాటి ఏడో ఎడిషన్‌లో యూమాస్క్ వచ్చి చేరింది. ప్రోగ్రాము ఎంత ఉదారంగా అడిగినా సరే, ఇంతకు మించి ఇవ్వనని అడ్డుచెప్పే హక్కు వాడేవాడికి దక్కింది.

అనుమతులు మూడు: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. వాటిని పొందేవాళ్లూ మూడు రకాలే: ఫైలు యజమాని, అతని గ్రూపు, మిగతా లోకం. మామూలు ఫైలును సృష్టించేటప్పుడు ప్రోగ్రాములు 666 అడుగుతాయి, అంటే అందరికీ చదివే, రాసే వీలు. డైరెక్టరీకైతే 777 అడుగుతాయి. మాస్క్ 022 (0022లో మొదటి సున్నా వదిలేస్తే) అయితే గ్రూపుకూ లోకానికీ రాసే వీలు పోతుంది. ఫైలు 644గా, డైరెక్టరీ 755గా పుడతాయి.

ఇక్కడే చాలామంది తీసివేత లెక్క నేర్పుతారు. 666లోంచి 022 తీసేస్తే 644 వస్తుంది కాబట్టి అది నిజమే అనిపిస్తుంది. అదే పద్ధతిలో 027 తీసి చూడండి: 639. ఆక్టల్ లెక్కలో 7 దాటి అంకే లేదు, ఇక 9 ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? అసలు జవాబు 640. సంప్రదాయ కలంకారీ పద్ధతిలో నీలిమందు వేసే ముందు, నీలం వద్దనుకున్న చోట మైనం పూస్తారు. మాస్క్ చేసేదీ ఆ పనే. మైనం ఉన్న చోట అనుమతి అంటదు. అసలు రంగే పడని చోట మైనం పూసినా పోయేదేమీ లేదు. 666లో నడిపే అనుమతి మొదటినుంచీ లేదు కనుక, 027లోని 7 దాన్ని తీసేయడానికి ప్రయత్నించినా తేడా రాదు. మైనం రంగు వేయదు కూడా. అందుకే యూమాస్క్‌ను 000 చేసినా, టచ్ ఆదేశంతో పుట్టిన ఫైలుకు నడిపే అనుమతి రాదు. కంపైలరు మాత్రం తాను తయారుచేసిన ప్రోగ్రాముకు 777 అడుగుతుంది గనక, మాస్క్ 022 ఉంటే అది 755గా దిగుతుంది.

ఎంత మైనం పూయాలన్నది పక్కన ఎవరున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. నలుగురూ ఒకే డైరెక్టరీలో పనిచేసే చోట 002 నయం. అయితే ప్రతి మనిషికీ సొంత గ్రూపు ఉండాలి, ఉమ్మడి డైరెక్టరీకి, అందులో పుట్టే ఫైళ్లకు దాని గ్రూపే వచ్చేలా, సెట్‌జీఐడీ బిట్టు పెట్టాలి. రెడ్ హ్యాట్ వాళ్లు అలవాటు చేసిన ఏర్పాటు ఇది. ముక్కూమొహం తెలియనివాళ్లతో పంచుకునే సర్వర్‌లో నా ఓటు 077కే. కానీ అదే మాస్క్‌తో వెబ్‌సైటు ఫైళ్లు పెట్టారా, వెబ్ సర్వరు వాటిని చదవలేక 403 (ప్రవేశం లేదు) అని చూపిస్తుంది. ఆ తిప్పలూ పడ్డాను.

‘ముందు ఫైలు సృష్టించి, వెంటనే అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ 600 కొడితే సరిపోదా’ అని అడుగుతారు. సరిపోదు. రెండు ఆదేశాల మధ్య రెప్పపాటు సందు ఉంటుంది. యూనిక్స్ అనుమతిని చూసేది ఫైలు తెరిచేటప్పుడే. ఆ సందులో ఎవరైనా తెరిచి పట్టుకుంటే, తర్వాత మీరు తలుపు మూసినా లోపలున్నవాడు చదువుతూనే ఉంటాడు. అందుకే రహస్యాలు రాసే ఫైలు పుట్టకముందే మాస్క్ బిగించాలి. పాతకాపులు బ్రాకెట్ల మధ్య ముందు యూమాస్క్ 077, ఆ తర్వాత అసలు ఆదేశం రాస్తారు. బ్రాకెట్లలోది విడి షెల్‌లో నడుస్తుంది, పని అయ్యాక ఆ మాస్క్ కూడా దానితోనే పోతుంది. మాస్క్ తల్లి ప్రాసెస్ నుంచి పిల్లకు దిగుతుందే గాని పిల్ల నుంచి తల్లికి ఎక్కదు. యూమాస్క్ అన్నది షెల్‌లోనే ఇమిడి ఉన్న ఆదేశం కావడానికీ కారణం ఇదే. విడి ప్రోగ్రామైతే తన మాస్క్ తాను మార్చుకుని చచ్చిపోయేది.

ఇప్పటికే ఉన్న ఫైళ్ల జోలికి మాస్క్ పోదు. డైరెక్టరీకి డిఫాల్ట్ ఏసీఎల్ (విడిగా రాసిపెట్టే అనుమతుల జాబితా) ఉంటే లినక్స్‌లో మాస్క్ మాట చెల్లనే చెల్లదు.

ఇవన్నీ తెలిశాక, షెల్ మొదలవుతూ చదివే బాష్‌ఆర్‌సీ ఫైల్లో యూమాస్క్ 077 అని ఒక లైను రాసి, కొత్త ఫైలు పుట్టించి, ఎల్ఎస్‌తో సరిచూసుకుని నిశ్చింతగా పడుకున్నాను. కొన్నాళ్లకు బ్యాకప్ డైరెక్టరీ చూస్తే, రాత్రిపూట, వేళకు పనులు నడిపే క్రాన్ తీసిన డేటాబేస్ కాపీలన్నీ 644తో ఉన్నాయి, ఆ సర్వర్‌లో ఖాతా ఉన్న ప్రతివాడూ చదివేలా. క్రాన్ నా బాష్‌ఆర్‌సీని చదవదు, నా షెల్‌కు పుట్టిన పిల్లా కాదు. పాత కాపీలకు ఒక్కొక్కటిగా సీహెచ్‌మోడ్ కొట్టి, బ్యాకప్ స్క్రిప్టు మొదటి ఆదేశంగా యూమాస్క్ 077 చేర్చాను. మర్నాడు తెల్లారగానే, కాఫీ కూడా తాగకుండా, చూసింది ఆ డైరెక్టరీనే. కొత్త కాపీ 600తో ఉంది.