లేమిలో తవక్కుల్: ఇమామ్ గజాలీ రచనపై ఒక పరిశీలన

ఇంట్లో గింజలు నిండుకున్న రోజున విశ్వాసికి వినిపించే మొదటి ఓదార్పు తవక్కుల్. ఉపాధి ప్రదాత అల్లాహ్, ఆయనపై భారం వేయమని చెప్పడం సులువే. అయితే ఆ మాట ఎవరు, ఎవరితో అంటున్నారన్నదాన్ని బట్టి అది ధైర్యమూ కావచ్చు, బాధ్యత నుండి తప్పించుకునే సాకూ కావచ్చు. ఈ తేడా గ్రహించడానికి ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్) రచించిన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లోని తవక్కుల్ ప్రకరణం ఎంతో తోడ్పడుతుంది. దాన్ని సగమే చదివితే మాత్రం అపార్థానికి దారితీస్తుంది.

‘ఇహ్యా’ 40 ప్రకరణాల సంపుటి. పేదరికం, వైరాగ్యం గురించిన 34వ ప్రకరణం తర్వాత తౌహీద్, తవక్కుల్‌లను గురించిన 35వ ప్రకరణం వస్తుంది. కారణాలన్నిటి వెనుక ఉన్న కర్త ఒక్కడేనని హృదయం గుర్తించడమే తవక్కుల్‌కు పునాది అని గ్రంథకర్త నిరూపిస్తారు. ఆ పైన మూడు అంతస్తులు పేర్కొంటారు. మొదటిది, కక్షిదారుడు సమర్థుడైన వకీలుపై ఉంచే నమ్మకం వంటిది. రెండవది, పసిబిడ్డ తల్లిని నమ్ముకోవడం వంటిది. మూడవది, గుస్ల్ చేయించేవాని చేతుల్లో మయ్యిత్ ఉన్నట్లు ఉండిపోవడం. జనం నోళ్ళలో నిలిచిపోయింది ఈ మూడవ ఉపమానమే. అది చాలా అరుదైన స్థితి అనీ, కలిగినా ఎక్కువ కాలం నిలవదనీ ఇమామ్ చెప్పిన మాటను మాత్రం చాలామంది మరచిపోయారు.

ఉపాధి మార్గాలను కూడా ఆయన మూడుగా విభజించారు: నిశ్చితమైనవి, సంభావ్యమైనవి, కేవలం ఊహాజనితమైనవి. ముందున్న అన్నం వైపు చేయి చాపకపోవడం, విత్తనం వేయకుండా పంట కోసం ఎదురు చూడడం ఆయన దృష్టిలో తవక్కుల్ కాదు, అవివేకం. తవక్కుల్‌లో ప్రసిద్ధుడైన ఇబ్రాహీం ఖవ్వాస్ సయితం ప్రయాణంలో సూది, కత్తెర, తాడు, నీటి పాత్ర వెంట ఉంచుకునేవారని ఆయన గుర్తు చేస్తారు.

ఈ ప్రకరణానికి ప్రాణం కుటుంబీకుని గురించిన చర్చలో ఉంది. ఒంటరి మనిషి తన ఆకలిని తాను ఓర్చుకోవచ్చు. ఆలుబిడ్డల చేత ఆ ఓర్పును బలవంతంగా పాటింపజేసే హక్కు అతనికి లేదు. భార్యాబిడ్డలు గలవాని తవక్కుల్ సంపాదించేవాని తవక్కులే. హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖలీఫా అయిన తర్వాత కూడా బట్టల మూట తీసుకుని బజారుకు బయలుదేరిన సంగతి ఇక్కడ సాక్ష్యంగా వస్తుంది. దైవప్రవక్త (స) తమ ఇంటివారి కోసం ఏడాది గ్రాసం నిల్వ చేసిన విషయమూ ప్రస్తావనకు వస్తుంది. గ్రంథకర్త జీవితం కూడా ఇందుకు భిన్నంగా లేదు. హి.శ. 488 (క్రీ.శ. 1095)లో బాగ్దాద్ నిజామియా పదవిని వదలి వెళ్ళేటప్పుడు ఆయన తన ధనాన్ని పంచివేశారు గాని, పిల్లల పోషణకు సరిపడేది ఉంచుకున్నారు.

ఖాన్‌కాహ్‌లలో కూర్చుని కానుకల కోసం ఎదురు చూసేవారినీ ఆయన వదలలేదు. నిర్ణీతమైన ఆదాయం గల చోట కూర్చోవడం తవక్కుల్‌కు దూరమన్నారు. యాచించకపోయినా, పేరు వ్యాపించిన తర్వాత ఆ చోటు వారికి ఒక బజారు వంటిదేనన్నారు. స్వయంగా సూఫీ మార్గాన్ని అభిమానించిన పండితుడు చేసిన విమర్శ కావడం వల్ల దీని బరువు ఎక్కువ.

అయినా లోపాలు లేకపోలేదు. ఆకలికి అలవాటుపడినవాడు, గడ్డీ గాదమూ తిని బతకగలవాడు ప్రయాణ సామగ్రి లేకుండా ఎడారిలో ప్రవేశించవచ్చన్న సడలింపును క్రీ.శ. 1201లో మరణించిన ఇబ్నుల్ జౌజీ ‘తల్బీసు ఇబ్లీస్’లో తీవ్రంగా ఖండించారు. ఆ ఖండన సమంజసమే. ప్రకరణంలోని ఉదాహరణలు అత్యధికం దేశసంచారం చేసే ఏకాకులవి. అప్పులపాలైన గృహస్థునికీ, పిల్లల తల్లి అయిన వితంతువుకూ వాటిలో చోటు స్వల్పం.

అంతకంటే ముఖ్యమైన లోటు మరొకటి ఉంది. లేమిలో ఉన్నవాని హృదయం ఎలా ఉండాలో ఈ ప్రకరణం చెబుతుంది. అతని ఉపాధి ఎవరి చేతుల మీదుగా అందవలసి ఉందో చెప్పదు. ఆ సమాధానం జకాత్‌ను గురించిన 5వ ప్రకరణంలో, సంపాదన మర్యాదలను గురించిన 13వ ప్రకరణంలో ఉంది. గ్రంథ రచనా సౌలభ్యం కోసం చేసిన ఈ విభజన చదివేవారి బుద్ధిలో గోడగా మారకూడదు. జకాత్‌కు దివ్య ఖుర్ఆన్ నిర్ణయించిన ఎనిమిది పద్దులలో రుణగ్రస్తులకూ స్థానం ఉంది. అటువంటి రుణగ్రస్తుడు గడపలోకి వచ్చినప్పుడు, అతనికి ఇవ్వవలసిన ధనం పెట్టెలో ఉంచుకుని సహనం, తవక్కుల్‌లను బోధించే శ్రీమంతుడు గజాలీ మాటను వాడుకుంటున్నాడే గాని పాటించడం లేదు.

తవక్కుల్ బోధ లేనివానికి అవసరమే. కూలి దొరకని రోజున అతణ్ణి నిరాశ నుండి, అధర్మార్జన నుండి, మనుషుల ముందు ఆత్మగౌరవం కోల్పోవడం నుండి కాపాడేది ఆ విశ్వాసమే. కలిగినవానికి కూడా అది అంతే అవసరం. ఇస్తే తరిగిపోతుందన్న భయం ఉపాధి ప్రదాతపై అపనమ్మకం కాక మరేమిటి? 35వ ప్రకరణాన్ని 5వ, 13వ ప్రకరణాలతో కలిపి చదివినప్పుడే ఇమామ్ గజాలీ బోధ సంపూర్ణంగా అర్థమవుతుంది. ఉపన్యాసాలలో ఈ ప్రకరణాన్ని ఉదహరించేవారు మయ్యిత్ ఉపమానాన్ని వినిపించే ముందు, బట్టల మూటతో బజారుకు బయలుదేరిన ఖలీఫా ఉదంతాన్ని వినిపించడం మేలు.