చలి నీళ్లలో నిదానపు విద్య

టెక్సస్‌లో చలి ముదిరితే ఊరి పార్కుల్లోని చిన్న చెరువులకు రెయిన్‌బో ట్రౌట్ వస్తుంది. చల్లని నీటి చేప కాబట్టి అక్కడి వేసవి నీటి వేడికి బతకలేదు. అందుకే అక్కడి పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఏటా శీతాకాలంలోనే వీటిని తెచ్చి వదులుతుంది.

వదిలిన చేపను పట్టడంలో గొప్పేముందని కొందరంటారు. నేనొప్పుకోను. నీరు చల్లబడేకొద్దీ చేప ఒంట్లో చురుకు తగ్గుతుంది. ఎర కోసం దూరం పరుగెత్తదు, ఎరే దాని ముందుకు వెళ్లాలి. నేర్పరి సన్నని దారం, చిన్న గాలం ఎంచుకుంటాడు. బరువు గుండు అడుగున ఆనుతుంది. తేలే పిండిముద్ద గాలాన్ని మూరెడు పైకి లేపి, చేప తిరిగే ఎత్తులో నిలుపుతుంది. మెరిసే రేకు ఎర వేస్తే, దారం మెల్లగా, మధ్యమధ్య ఆపుతూ చుట్టాలి. చలిలో చేప పట్టు మెత్తన. కర్ర కొన కాస్త వణికితే చాలు, కనిపెట్టాలి.

వేళ్లు కొంకర్లు పోయే గాలిలో ఇంత ఓపిక పట్టడం, రోజుకు ఐదు చేపల హద్దు దాటకపోవడం: ఈ రెండూ ఉన్నవాడే అసలైన పనివాడు. అలాంటివాళ్లకు నా నమస్కారం.