ఆంగ్ల విశేషణ ఉపవాక్యం – తెలుగు అభ్యాసకుడు: బోధనా పద్ధతిపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆంగ్లంలో ఎడ్జెక్టివ్ క్లాజ్ అని పిలిచే విశేషణ ఉపవాక్యాన్ని మన తరగతి గదుల్లో సాధారణంగా ఒకే అభ్యాసంతో బోధిస్తారు. రెండు వాక్యాలిచ్చి 'హూ', 'విచ్', 'దట్'లలో ఒకదానితో కలపమంటారు. సర్వనామాన్ని ఎంచుకోవడమే అసలు సమస్య అన్న భావన ఈ పద్ధతికి పునాది. తెలుగు అభ్యాసకుని కష్టం ప్రధానంగా అక్కడ లేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

నిర్మాణ భేదం

'నేను కొన్న పుస్తకం' అన్నప్పుడు 'కొన్న' అనేది ధాతుజ విశేషణం. బాలవ్యాకరణం ద్వారా మనకు పరిచితమైన ఈ రూపం విశేష్యానికి ముందు నిలుస్తుంది. సంబంధ సర్వనామాన్ని కోరదు. ఆంగ్లంలో విశేష్యం ముందు, దాని వివరణ తరువాత వస్తాయి. అయితే కర్మస్థానం ఖాళీగా ఉండటం రెండు భాషలకూ సమానమే. అలాంటప్పుడు 'ద బుక్ విచ్ ఐ బాట్ ఇట్' అనే దోషాన్ని పూర్తిగా మాతృభాషకే అంటగట్టడం సరికాదు. వాక్యసంయోగ అభ్యాసమే రెండవ వాక్యంలో 'ఇట్'ను చూపి, అది ఎందుకు తొలగాలో చెప్పకుండా వదిలేస్తున్నది.

విభక్తి లోపం

'మామిడికాయ కోసిన అబ్బాయి', 'అబ్బాయి కోసిన మామిడికాయ', 'మామిడికాయ కోసిన కత్తి' – ఈ మూడింటిలో విశేష్యం వరుసగా కర్త, కర్మ, కరణం. 'కోసిన' రూపం మాత్రం మారలేదు. 'కత్తితో'లోని 'తో' కనుమరుగైంది. 'నేను వచ్చిన ఊరు' అన్నప్పుడు ఆ ఊరికి వచ్చానా, ఆ ఊరి నుండి వచ్చానా అన్నది సందర్భమే తేలుస్తుంది. ఆంగ్లం ఈ వెసులుబాటు ఇవ్వదు. 'ద నైఫ్ విచ్ ఐ కట్ ద మ్యాంగో' అని రాసిన విద్యార్థి సర్వనామాన్ని సరిగానే ఎంచుకున్నాడు, 'విత్'ను విడిచాడు.

విరామచిహ్నం విషయమూ ఇటువంటిదే. 'వరంగల్లులో ఉండే మా అన్నయ్య' అన్నప్పుడు అన్నయ్య ఒక్కడేనా, పలువురిలో ఒకడా అన్నది తెలుగు రూపం చెప్పదు. ఆంగ్ల లిఖిత వాక్యంలో కామా ఆ భేదాన్ని సూచిస్తుంది.

కనిపించని వైఫల్యం

జాక్వెలిన్ షాక్టర్ 1974లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ కీలకం. చైనీస్, జపనీస్ అభ్యాసకులు ఈ ఉపవాక్యాల్లో పర్షియన్, అరబిక్ అభ్యాసకుల కంటే తక్కువ తప్పులు చేశారు. కారణం ప్రావీణ్యం కాదు. వారు ఆ నిర్మాణాన్నే చాలా తక్కువగా వాడారు. చైనీస్, జపనీస్ భాషల్లోనూ తెలుగులో వలె వివరణ విశేష్యానికి ముందే వస్తుంది. ఈ సామ్యం వల్ల తెలుగు అభ్యాసకులూ అలాగే తప్పించుకుంటారని నిర్ధారించలేం. పరీక్షించవలసిన అవసరాన్ని మాత్రం గుర్తించాలి. తప్పులను మాత్రమే లెక్కించే మూల్యాంకనంలో, చిన్న చిన్న వాక్యాలతో నెట్టుకొచ్చే పరిశోధక విద్యార్థి నిర్దోషిగా తేలుతాడు. సిద్ధాంత గ్రంథంలో సంక్లిష్టమైన ఆలోచనను ఒకే వాక్యంలో చెప్పవలసి వచ్చినప్పుడు గాని ఆ లోటు బయటపడదు.

ముగింపు

కాబట్టి బోధన సర్వనామాల పట్టికతో గాక, తెలుగు ధాతుజ విశేషణంతో ప్రారంభం కావాలి. విశేష్యానికీ క్రియకూ ఉన్న సంబంధాన్ని, లోపించిన విభక్తిని ముందుగా విద్యార్థి చేతనే చెప్పించి, తరువాత ఆంగ్ల వాక్యం రాయించాలి. మూల్యాంకనంలో దోషాలతో పాటు ప్రయోగ సంఖ్యనూ గణించాలి. మాతృభాషా వ్యాకరణ జ్ఞానం ఆంగ్ల అభ్యసనానికి అడ్డంకి కాదు, ఆధారం.