రెండు వందల డాలర్లలో నిలిచే గురి

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం ఎన్నో దశాబ్దాలపాటు జింకల వేటకు తొలి రోజు. ఆ రోజు చాలాచోట్ల బడులకు కూడా సెలవిచ్చేవారు. 2019లో ఆ తొలి రోజును శనివారానికి జరిపారు. ఆ తొలి రోజుకు ముందు వారాల్లో ఇళ్లల్లో జరిగే సన్నాహం మాత్రం అలాగే ఉంది. ఇంటి పెద్ద రైఫిల్‌ని గరాజులో బల్ల మీద పెట్టి, స్కోప్ ఎలా బిగించాలో పిల్లలకు చూపిస్తాడు. ఈ ఓపిక మీద నాకు చాలా గౌరవం. గురి కాస్త తప్పితే జింక వెంటనే చావదు. గాయంతో పొదల్లోకి పారిపోయి నరకం అనుభవిస్తుంది. ఆ పాపం మీద పడకుండా చూసుకోవడం వేటగాడి మొదటి ధర్మం.

ఒకప్పుడు స్కోప్ డబ్బున్నవాళ్ల సరుకు. 1930లో విలియం వీవర్ అనే యువకుడు మూడు రెట్లు పెద్దదిగా చూపే చిన్న స్కోప్ తయారుచేసి, మౌంటుతో కలిపి 19 డాలర్లకు అమ్మాడు. ఆర్థిక మాంద్యంలో కూడా సామాన్యులు దాన్ని కొనగలిగారు. ఆ కోవలోని వీవర్ 330 రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం స్నైపర్ రైఫిళ్ల మీదికీ ఎక్కింది. తక్కువ ధర వస్తువంటే నాసిరకమే అనుకునేవాళ్లకు ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు. తర్వాత 1947లో ల్యూపోల్డ్ కంపెనీ గొట్టంలో నైట్రోజన్ నింపి, లోపల ఆవిరి పట్టని స్కోప్ తెచ్చింది. ఇవాళ చౌక స్కోపుల్లో కూడా ఆ పద్ధతే ఉంది.

కొనేటప్పుడు అందరినీ ఊరించేవి పెద్ద అంకెలు. 3-9x40 అంటే దృశ్యాన్ని 3 నుంచి 9 రెట్ల వరకు పెంచుతుందని, ముందు అద్దం వెడల్పు 40 మిల్లీమీటర్లని అర్థం. ఆ 40ని పెంచిన రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం ఎంతో తెలుస్తుంది. 9 రెట్ల దగ్గర అది 4.4 మిల్లీమీటర్లు, 6 రెట్ల దగ్గర 6.7. మసక వెలుతురులో కంటిపాప 5 నుంచి 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. జింకలు తిరిగేది తెల్లవారుజామున, మునిమాపున. కాబట్టి ఆ వేళ రెట్లు తగ్గించుకున్నవాడికే బాగా కనిపిస్తుంది. 50 మిల్లీమీటర్ల అద్దానికి ఎక్కువ డబ్బు పోయడం దండగ. అది తుపాకీ మీద ఎత్తుగా కూర్చుంటుంది, చెంప బట్ మీద ఆనదు. అసలు రెట్లు గురిని ఇవ్వవు, చూపునే ఇస్తాయి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచింది స్కోప్ లేకుండానే. ఆ పోటీల్లో దానికి అనుమతి లేదు.

రెట్ల తర్వాత చూడాల్సింది కంటి దూరం. కన్ను స్కోప్‌కి మూడున్నర అంగుళాల దూరంలో ఉన్నా దృశ్యం నిండుగా కనిపించాలి. అంతకన్నా దగ్గరైతే తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ చీరుకుపోవచ్చు. పాత స్కోప్ కొనడంలో తప్పులేదు. కొన్ని కంపెనీల జీవితకాల హామీ కొన్న మనిషిని చూడదు, స్కోప్‌నే చూస్తుంది. అలాంటిది దొరికితే వదలకండి.

డబ్బంతా అద్దానికి పోసి, మౌంటులోని రింగుల దగ్గరా, వాటి కింది బేసు దగ్గరా పిసినారితనం చూపడమే అసలు నష్టం. లెక్క చూడండి. రెండు రింగుల మధ్య 12 సెంటీమీటర్ల దూరం ఉందనుకుందాం. వాటిలో ఒకటి మిల్లీమీటరులో పదో వంతు పక్కకు జరిగితే, 100 మీటర్ల దూరాన గురి 8 సెంటీమీటర్లకు పైగా తప్పుతుంది. ఎంత ఖరీదైన అద్దమైనా దీన్ని సరిచేయలేదు. అందుకే 200 డాలర్లు చేతిలో ఉంటే 140కి మించి స్కోప్‌కి పెట్టవద్దంటాను. మిగతాది మౌంటుకి, బిగువు కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్‌కి కావాలి.

బిగించే ముందు తుపాకీలో తూటా లేదని రెండుసార్లు చూసి, తూటాను గొట్టంలోకి తోసే బోల్ట్ తీసి పక్కన పెట్టాలి. స్క్రూలకూ వాటి రంధ్రాలకూ ఉన్న నూనె పూర్తిగా తుడవాలి. బేసు గట్టిగా కూర్చున్నాక స్కోప్‌ని రింగుల్లో వదులుగా ఉంచి, చలికోటు వేసుకుని, కళ్లు మూసుకుని తుపాకీ భుజానికెత్తి, అప్పుడు కళ్లు తెరవండి. అడవిలో వేసుకునే కోటే వేసుకోవాలి, దాని మందానికి కంటి దూరం మారుతుంది. దృశ్యం అంచుల దాకా నిండుగా కనిపించేవరకు స్కోప్‌ని ముందుకూ వెనక్కూ జరపండి. తర్వాత రసమట్టంతో తుపాకీని సమంగా నిలిపి, కాస్త దూరంలో బరువు కట్టిన దారం వేలాడదీసి, స్కోప్ లోపలి నిలువుగీతను దానితో కలపండి. గీత వాలి ఉంటే, దూరం కోసం గురిని పైకి దిద్దిన ప్రతిసారీ తూటా పక్కకు కూడా జరుగుతుంది. రింగు స్క్రూలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగిస్తూ, రెండు వైపులా సందు సమానంగా ఉంచాలి. తయారీదారు ఇచ్చిన బిగువు అంకె చాలు, సాధారణంగా 15 నుంచి 18 అంగుళ పౌండ్లు ఉంటుంది. బలం చూపితే అల్యూమినియం గొట్టం నొక్కుకుపోతుంది.

గురి దిద్దడం 25 గజాల దగ్గర మొదలుపెట్టాలి. బోల్ట్ తీసిన తుపాకీ గొట్టంలోంచి లక్ష్యాన్ని చూస్తూ, తుపాకీ కదలకుండా గీతల్ని అక్కడికే తెస్తే తూటాలు ఎన్నో మిగులుతాయి. తర్వాత కాల్చి చూడాలి. మామూలు స్కోప్‌లో ఒక క్లిక్కు 100 గజాల దగ్గర పావు అంగుళం, 25 గజాల దగ్గర అంగుళంలో పదహారో వంతు. అంటే అక్కడ అంగుళం జరపడానికి 16 క్లిక్కులు కావాలి. ఇది తెలియక నాలుగు తిప్పి, స్కోప్ పాడైందని వాపసు ఇచ్చేవాళ్లున్నారు. ఆ తర్వాత 100 గజాలకు వెళ్లి, ఒక్కో తూటాకూ గురి మార్చకుండా, మూడేసి కాల్చి వాటి మధ్యబిందువును చూసి దిద్దండి. మధ్యమధ్య తుపాకీ గొట్టం చల్లారనివ్వండి.

ఇదంతా అమెరికాలో వేటాడేవాళ్ల కోసమే, మన దేశంలో వేట చట్టరీత్యా నేరం. పెన్సిల్వేనియాలో తొలిసారి లైసెన్సు తీసుకునే తెలుగువాళ్లు ముందు అక్కడి వేట శిక్షణ తరగతి పూర్తిచేయాలి, అది తప్పనిసరి. స్కోప్ సీజన్‌కి నెల ముందే బిగించండి. కారులో దూర ప్రయాణం చేసిన తుపాకీతో అడవికి వెళ్లేముందు, అక్కడి షూటింగ్ రేంజ్‌లో మరోసారి కాల్చి చూసుకోండి.