సమీక్ష నుండి ఆవిష్కరణ: ‘అవర్ స్టోలెన్ ఫ్యూచర్’ – పర్యావరణ విషశాస్త్ర శిక్షణ

పర్యావరణ విషశాస్త్రంలో పరిశోధకుని శిక్షణ సాధారణంగా ఒక రసాయనం, ఒక జీవి, కొన్ని మోతాదులు అనే చట్రంలో సాగుతుంది. ఆ చట్రం అవసరమే గాని, అదొక్కటే చాలదని 1996లో వెలువడిన ‘అవర్ స్టోలెన్ ఫ్యూచర్’ తెలియజేస్తుంది. థియో కాల్‌బోర్న్, డయాన్ డుమనోస్కీ, జాన్ పీటర్సన్ మైయర్స్ రచించిన ఈ గ్రంథం హార్మోన్లకు భంగం కలిగించే రసాయనాలపై హెచ్చరికగా ప్రసిద్ధి పొందింది. పరిశోధనా శిక్షణపై విమర్శగా కూడా దీనిని చదవవచ్చు.

ఫార్మసిస్టుగా జీవితం ప్రారంభించిన కాల్‌బోర్న్ 1985లో, 58వ ఏట, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుండి జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ పొందారు. ఉత్తర అమెరికా మహాసరస్సులపై అధ్యయనంలో ఆమె కొత్త ప్రయోగాలు చేయలేదు. పక్షులు, చేపలు, క్షీరదాలపై ఇతరులు విడివిడిగా ప్రచురించిన ఫలితాలను ఒకే పట్టికలో చేర్చారు. క్యాన్సర్ జాడ వెదకబోతే మరొకటి బయటపడింది: పెద్ద జీవులు ఆరోగ్యంగానే కనిపిస్తున్నాయి, హాని సంతానంలో వ్యక్తమవుతున్నది. 1991లో వింగ్‌స్ప్రెడ్ సమావేశంలో పలు శాస్త్రాలవారు కలిసి చర్చించిన పిదప ‘ఎండోక్రైన్ డిస్రప్షన్’ అనే భావన రూపుదిద్దుకొన్నది.

అయితే అపరాధ పరిశోధన కథవలె సాగే ఈ రచనకు ఒక లోపమున్నది. పురుషుల వీర్యకణాల క్షీణతపై 1992లో డెన్మార్క్ పరిశోధకులు ప్రకటించిన వివాదాస్పద విశ్లేషణ వంటివాటి ఆధారంగా వన్యప్రాణుల నుండి మానవుని వైపు సాగినచోట, కథనం సాక్ష్యాలకంటె వేగంగా నడుస్తుంది. కనుక సమన్వయానికి కూడా పద్ధతి కావాలి. సాక్ష్యాల బలాబలాలను తూచడం పరిశోధకునికి నేర్పవలసిన విద్య.

మన సిద్ధాంతగ్రంథాలలో పూర్వపరిశోధనల సమీక్ష తరచు సారాంశాల వరుసగానే మిగులుతున్నది. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే వైద్యపత్రికలో నమోదు చేశారు. ఆ సమస్యను అర్థం చేసుకోవడానికి నీటి రసాయనం, ఎముకల వైద్యం, పోషకాహారం మూడూ కావాలి. ఆ మూడింటి పత్రాలను కలిపి చదివిన విద్యార్థి శ్రమను ‘మౌలికం కాదు’ అని తోసిపుచ్చితే, ఉద్యోగార్థి సహజంగానే చిన్న ప్రయోగాల పత్రాల సంఖ్య పెంచుకొంటాడు. నియమబద్ధమైన సమన్వయాన్ని పరిశోధనగా గుర్తించి, దానిని వేర్వేరు శాఖల పరీక్షకులచే మూల్యాంకనం చేయించడం మొదట చేపట్టవలసిన సంస్కరణ.