చిట్టా నుంచి ఆవర్జాకి, ఐటాబ్ నుంచి ఐటాబ్‌కి

కిరాణా కొట్లో గుమాస్తా పగలంతా చిట్టా రాస్తాడు. ఎవరు ఏం కొన్నారు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ పెట్టారు, అన్నీ వచ్చిన వరసలోనే పడతాయి. రాత్రి కొట్టు కట్టేశాక ఆ పద్దుల్నే పేరుపేరునా విడదీసి ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. కొత్తగా పుట్టిన లెక్క ఒక్కటీ ఉండదు. ఉన్నదాన్నే ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి మార్చాడు, అంతే. అయినా గుమాస్తా పనితనం బయటపడేది ఆ రాత్రి పనిలోనే.

పెద్ద కంపెనీల లెక్కలు నడిపే ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్‌లో ఈ రాత్రి పనిని అబాప్ అనే భాషలో రాసే ప్రోగ్రామర్లు చేస్తారు. డేటాబేస్‌లోంచి తెచ్చిన వరసలను ప్రోగ్రామ్ తన మెమరీలో ఒక పట్టికగా పెట్టుకుంటుంది. దాని పేరు ఇంటర్నల్ టేబుల్. హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో నేర్చుకున్నవాళ్ల నోట అది ఐటాబ్. ప్రోగ్రామ్ నడిచినంతసేపే దానికి ప్రాణం. ఒక ఐటాబ్‌లోంచి ఇంకో ఐటాబ్‌లోకి వరసలు మార్చడం అబాప్ నేర్చుకునేవాళ్లు తొలివారాల్లోనే చేసే పని. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా అక్కడే తప్పులో కాలేస్తుంటారు.

1972లో ఐబీఎమ్ వదిలి బయటికొచ్చిన ఐదుగురు ఇంజినీర్లు జర్మనీలోని వైన్‌హైమ్‌లో ఎస్ఏపీని మొదలుపెట్టారు. అబాప్ అన్న పొడి పేరు వెనకున్న మొదటి జర్మన్ పేరుకు అర్థం, రిపోర్టులు తయారుచేసే సాధనమని. టేబుళ్లలో గడుల పేర్లు ఇప్పటికీ జర్మన్ మాటల ముక్కలే. కస్టమర్ నంబర్ గడి కున్నర్, మెటీరియల్ నంబర్ గడి మాట్నర్, నికర విలువ గడి నెట్‌వర్. జర్మన్ ఒక్క ముక్క రాని తెలుగు పిల్లలు కూడా ఈ పేర్లను ఎక్కాల్లా అప్పజెప్పేస్తారు. ఈ పేర్లతో అసలు పేచీ ఎక్కడుందో కాసేపట్లో తెలుస్తుంది.

ముందు పాతకాలపు హెడర్ లైన్ సంగతి. వెనకటి ప్రోగ్రాముల్లో ఒకే పేరు కింద రెండు వస్తువులుండేవి: వరసలన్నీ ఉన్న అసలు పట్టిక ఒకటి, చేతిలో పట్టుకున్న ఒక్క వరస ఇంకొకటి. ఆ చేతిలో వరసే హెడర్ లైన్. రెండో ఐటాబ్ పేరు రాసి, సమానం గుర్తు పెట్టి, మొదటి ఐటాబ్ పేరు రాస్తే టేబుల్ మొత్తం వచ్చేస్తుందనే ఎవరైనా అనుకుంటారు. వచ్చేది హెడర్ లైన్ ఒక్కటే. పట్టిక మొత్తం రావాలంటే రెండు పేర్ల పక్కనా ఖాళీ చదరపు బ్రాకెట్లు పెట్టాలి. పెట్టకపోయినా కంపైలర్ నోరెత్తదు, ప్రోగ్రామ్ మధ్యలో ఆగి డంప్ కొట్టదు. రిపోర్టు మాత్రం ఖాళీగా తెరుచుకుంటుంది. తర్వాత వచ్చిన ఆబ్జెక్ట్స్ పద్ధతిలో, క్లాసుల లోపల హెడర్ లైన్లు నిషేధించారు. అది మంచి నిర్ణయం. కానీ ఇరవై ఏళ్ల కిందటి ప్రోగ్రాములు ఇంకా ఎన్నో కంపెనీల్లో నడుస్తూనే ఉన్నాయి, కాబట్టి బ్రాకెట్ల పాఠం ఇప్పటి పిల్లలకీ తప్పదు.

రెండు టేబుళ్ల ఆకారం ఒకటే అయితే సమానం గుర్తు చాలు. ఉన్న వరసల కింద కొత్తవి చేర్చాలంటే అపెండ్ లైన్స్ ఆఫ్ ఉంది. ఆకారాలు వేరైనప్పుడే పని చిక్కబడుతుంది. దానికోసం ఉన్నది మూవ్-కరెస్పాండింగ్. రెండు వైపులా పేరు కలిసిన గడులను ఇది ఇట్నుంచి అటు మార్చి, కలవనివాటిని వదిలేస్తుంది. నలభై లైన్ల పని ఒక్క లైన్లో అయిపోతుంది. అందుకే అందరికీ ఇష్టం, అందుకే ప్రమాదం. అది చూసేది పేరు ఒక్కటే, అర్థంతో దానికి పనిలేదు.

సేల్స్ ఆర్డర్ల రిపోర్టే తీసుకోండి. ఆర్డర్ తలకట్టు వీబీఏకే టేబుల్లో, అందులోని సరుకుల వరసలు వీబీఏపీలో ఉంటాయి. రెండింటిలోనూ నెట్‌వర్ గడి ఉంది. తలకట్టులో అది ఆర్డర్ మొత్తం విలువ, కింది వరసలో ఆ ఒక్క సరుకు విలువ. లక్ష రూపాయల ఆర్డర్‌లో 60,000, 25,000, 15,000 చొప్పున మూడు సరుకులు ఉన్నాయనుకుందాం. ప్రోగ్రామర్ ముందు తలకట్టును, తర్వాత సరుకు వరసను ఒకే అవుట్‌పుట్ వరసలోకి మూవ్-కరెస్పాండింగ్ చేశాడు. లక్ష మీద 60,000 కూర్చుంది. ఆర్డర్ విలువ అన్న శీర్షిక కింద సరుకు విలువ కనిపిస్తోంది. క్రమం తిప్పి, సరుకు వరస తర్వాత తలకట్టును మారిస్తే ఇంకో చిక్కు: మూడు వరసల్లోనూ లక్షే పడి, అడుగున మొత్తం మూడు లక్షలు చూపిస్తుంది.

ఇంతకీ ఇది టెస్టింగ్‌లో ఎందుకు దొరకదు? టెస్ట్ కోసం చేసే ఆర్డర్‌లో చాలాసార్లు ఒకే సరుకు ఉంటుంది. అప్పుడు ఆర్డర్ విలువ, సరుకు విలువ ఒకటే. రిపోర్టు సరిగ్గా ఉందని అందరూ సంతకం పెట్టేస్తారు. తేడా మొదట పట్టుకునేది నెలాఖరులో లెక్కలు సరిచూసే అకౌంట్స్ మనిషి. అతని ఫోను వచ్చేసరికి ప్రోగ్రాం రాసినవాళ్లు ఏ వేరే ప్రాజెక్టులోనో ఉంటారు.

అబాప్ 7.40 నుంచి ఈ పనికి కరెస్పాండింగ్ అనే ఆపరేటర్ కూడా ఉంది. ఏ గడి ఏ గడిలోకి పోవాలో మ్యాపింగ్ అని, ఏది పోకూడదో ఎక్సెప్ట్ అని అక్కడికక్కడే చెప్పొచ్చు. ఆర్డర్ విలువను వేరే గడిలోకి మళ్లిస్తే పై తగాదా తీరిపోతుంది. పాత మూవ్-కరెస్పాండింగ్‌కీ దీనికీ ఒక తేడా మాత్రం మరవకూడదు. పాతది, పేరు కలవని గడుల జోలికి పోదు. వాటిలో ముందున్న విలువ అలాగే ఉంటుంది. కొత్త ఆపరేటర్ వాటిని ఖాళీ చేసేస్తుంది. ముందున్నవి నిలవాలంటే బేస్ అన్న మాట చేర్చాలి. పాత కోడ్‌ను అందంగా తిరగరాద్దామని ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టేసి, అంతకుముందే కట్టి ఉంచిన డిస్కౌంట్ గడి సున్నా అయిపోయి తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

నకలు ఖరీదు గురించి కూడా చెప్పుకోవాలి. పది లక్షల వరసల టేబుల్‌ను సమానం గుర్తుతో ఇంకో టేబుల్‌కి ఇస్తే మెమరీ రెట్టింపవుతుందని అనుకుంటాం. రెండూ ఒకే రకం టేబుళ్లై, వరసల లోపల మళ్లీ టేబుళ్లు లేకపోతే, సిస్టమ్ ఆ క్షణాన నకలు తీయదు. రెండు పేర్లూ ఒకే పట్టికను చూస్తుంటాయి. ఎటువైపైనా ఒక్క గడి మారిందా, అప్పుడు మొత్తం నకలు తీస్తుంది. కాబట్టి నెమ్మది అసలు కారణం ఉన్న లైన్లో కనిపించదు. ఎక్కడో కింద ఒక సార్ట్ దగ్గరో, ఒక మోడిఫై దగ్గరో కాలం గడిచిపోతుంది. ట్రేస్ చూసే అలవాటున్నవాళ్లు ఆ లైన్ దగ్గర ఆగకుండా పైకి వెళ్లి, ఈ టేబుల్ ఎవరిచ్చింది అని వెతుకుతారు.

లూప్‌లో వరస వరసకీ జరిగే నకలు ఇంకోటి. ఇంటూ అని వర్క్ ఏరియా (ఒక్క వరస పట్టే చోటు) పేరిస్తే ప్రతి వరసా అందులోకి నకలవుతుంది. అకౌంటింగ్ పద్దులుండే బీఎస్ఈజీ టేబుల్‌కి మూడు వందలకు పైగా గడులున్నాయి. వాటిలో రెండే కావలసినప్పుడు అన్నిటినీ మోయడం వృథా. అసైనింగ్ అని ఫీల్డ్ సింబల్ పెడితే నకలు లేదు, వేలు నేరుగా వరస మీదే ఉంటుంది. ఏం మార్చినా అసలు టేబులే మారుతుంది. అలా కావాలనుకున్నప్పుడు వరం, మరచిపోయినప్పుడు కష్టం.

అవసరమైన నకలుకు మంచి ఉదాహరణ ఒకటుంది. యాభై వేల సరుకుల వరసలున్నాయి, వాటికి మెటీరియల్ పేర్లు తేవాలి. అనుభవం ఉన్నవాళ్లు ఆ టేబుల్‌కి ఒక నకలు తీసి, దాన్ని మాట్నర్ మీద సార్ట్ చేసి, పక్కపక్కనున్న ఒకేరకం నంబర్లు తీసేసి, మిగిలిన వాటితోనే ఫర్ ఆల్ ఎంట్రీస్ అనే షరతు పెట్టి డేటాబేస్‌కి వెళతారు. సార్ట్ మరిస్తే పక్కపక్కన లేనివి మిగిలిపోతాయి. నకలు టేబుల్ ఖాళీగా ఉంటే ఇంకా ఘోరం: షరతు మొత్తం గాలికిపోయి డేటాబేస్ టేబుల్ అంతా మెమరీలోకి దిగుతుంది. అందుకే ఆ సెలెక్ట్‌కి ముందు ఖాళీయా కాదా అని చూడటం చేతికి అలవాటైపోవాలి.

2015లో ఎస్ఏపీ తెచ్చిన ఎస్/4హానా సాఫ్ట్‌వేర్‌తో, టేబుళ్లను ఇలా కలిపే పనులు చాలావరకు డేటాబేస్ లోపలికే మారాయి. అయినా పాత నకళ్లు కొత్త రూపంలో పరీక్ష పెడుతున్నాయి. ఎస్/4హానాలో మాట్నర్ పొడవు 18 అక్షరాల నుంచి 40కి పెరిగింది. పాత ప్రోగ్రాముల్లో కొందరు మాట్నర్ రకాన్ని వాడకుండా, చేత్తో 18 అని రాసి పెట్టుకున్న గడులున్నాయి. 40 అక్షరాల నంబర్‌ను ఆ గడిలోకి మారిస్తే కుడివైపు 22 అక్షరాలు చడీచప్పుడు లేకుండా రాలిపోతాయి.

పొడుగు నంబర్లు వాడటం మొదలుపెట్టిన కంపెనీలో ఒకే మోటారుకు ఎరుపు, నీలం అని రెండు నంబర్లు ఉండి, మొదటి 18 అక్షరాలూ ఒకటే అయ్యాయనుకుందాం. పైన చెప్పిన నకలు, సార్ట్, ఒకేరకం నంబర్ల తీసివేత, అన్నీ పద్ధతిగానే జరుగుతాయి. నీలం మోటారు ఆ దారిలో మాయమవుతుంది. ఎస్ఏపీ ఇచ్చిన తనిఖీ పరికరం ఇలాంటి లైన్లను జాబితా కట్టి ఇస్తుంది. ఆ తర్వాత ఒక మనిషి ఒక్కో ప్రోగ్రామ్ తెరిచి, డీబగ్గర్‌లో రెండు ఐటాబ్‌లూ పక్కపక్కన పెట్టుకుని, ఎడమవైపు ఎన్ని వరసలు, కుడివైపు ఎన్ని అని లెక్కపెట్టుకుంటూ పోవాలి.